అలిగి చూడని డ్యాము

పోయిన వారం పార్వతి నా ఫోనుకు ఒక ఫొటో పంపింది. తుంగభద్ర డ్యాము. గేట్లన్నీ ఎత్తేసి ఉన్నాయి, నీళ్లు తెల్లగా దూకుతున్నాయి, ముందు పార్వతి, ఆమె ఇద్దరు పిల్లలు తడిసిన బట్టలతో నవ్వుతూ నిలబడి ఉన్నారు. కింద ఒక మాట రాసింది: "మామ నాకు మొదటిసారి చూపించిన చోటు." ఆ మామ మా నాయన. పార్వతి మాకు చుట్టం కాదు, మా ఊళ్లో మా పక్కింటి పిల్ల, నా ఈడుది. ఫొటో చూసి, బాగుందన్నట్టు ఒక బొటనవేలు బొమ్మ పంపి, ఫోను బోర్లా పెట్టి, వంటింట్లోకి పోయి గిన్నెలు అవసరమైనదానికంటే గట్టిగా తోమాను. నాకు నలభై దాటాయి. ఉద్యోగం ఉంది, ఇద్దరు పిల్లలున్నారు, సముద్రం చూశాను, మంచు కొండలు చూశాను. అనంతపురం నుంచి ఒక పూట ప్రయాణం ఉన్న ఆ డ్యామును మాత్రం ఇంతవరకు చూడలేదు. ఎందుకు చూడలేదో చెప్పాలంటే నా పదకొండో ఏటి సంగతి ఎత్తాలి. ఎత్తితే నా బుద్ధి బయటపడుతుంది. పడితే పడనీ.

మా ఊరికి రాప్తాడు దాటాక హైవే దిగి నాలుగు మైళ్లు లోపలికి పోవాలి. ఎర్ర నేల, రాళ్లు, వేరుశనగ, అంతే. అప్పట్లో నాయన మూడు బోర్లు వేయించాడు. టెంకాయ అరచేతిలో పెట్టుకుని చేనంతా తిరిగి నీళ్ల జాడ చెప్పే ఒకాయన మాట మీద ఒకటి, ఆయనకేం తెలుసని వచ్చిన ఇంకొకాయన మాట మీద రెండు. బోరు బండి చెవులు పగిలేట్టు మోగేది. రాతిపొడి తెల్లగా లేచి నాయన తల మీద, మీసాల మీద, కనురెప్పల మీద పడేది. ఆయన కదలకుండా అక్కడే నిలబడేవాడు, పక్కకు జరిగితే నీళ్లు వచ్చే నిమిషం తప్పిపోతుందన్నట్టు. మూడుసార్లూ పొడే వచ్చింది. ఆ బోర్లకు తెచ్చిన డబ్బు మిద్దింటి ఓబులేసన్నది. ఏటా కాయలు అమ్మగానే ఒక కంతు కట్టాలి, మధ్యలో గొర్రెపిల్లను అమ్మినా, కూలి డబ్బులు చేతికొచ్చినా అందులోంచి కొంత పోయేది. ఆ అప్పు ఉన్నన్నాళ్లూ ఇంట్లో నాయన గట్టిగా నవ్వగా నేను వినలేదు. అప్పు తీరేసరికి నవ్వే అలవాటే పోయింది.

అప్పున్న ఇంటికి మా ఊళ్లో కొన్ని పద్ధతులుండేవి. ఎవరూ నేర్పరు, పుట్టుకతోనే తెలిసిపోతాయి. ఓబులేసన్న అరుగు ముందు నుంచి పోయేటప్పుడు ఉతికిన చొక్కా వేసుకోకూడదు. పండగ నాడు మన ఇంట్లో నూనె కాగే వాసన ఆయన ఇంటి దాకా పోకూడదు. ఒకసారి మా మేనమామ పెళ్లికి అమ్మ కొత్త చీర కట్టుకుని బస్సుకు పోతుంటే, ఆయన అరుగు మీద నుంచే నాయనతో అన్నాడు: "ఏమప్పా, చీరలకైతే దుడ్లు పుడతాండాయే, నా కంతుకు మాత్రం వాన రావల్లనా?" మాట చిన్నదే, నవ్వుతూనే అన్నాడు. అమ్మ ఆ చీర మడిచి పెట్టెలో పెట్టి మళ్లీ కట్టలేదు. ఇప్పుడు మా కాలనీలో కారు కంతులు, ఇంటి కంతులు నెత్తిన ఉన్నవాళ్లే సెలవులొస్తే ఊటీకి పోతారు. పోవడానికి ఇంకొక అప్పు చేస్తారు, పోయి ఫొటోలు పెడతారు. నేనూ వాళ్లలో ఒకదాన్నే. అప్పిచ్చినవాళ్లే ఫోను చేసి, ఇంకొంచెం కావాలా మేడం అని అడుగుతారు.

డ్యాము చూడాలన్న ఆశ అమ్మది. కణేకల్ దగ్గర తుంగభద్ర కాలువ కింద ఊళ్లో మా పెద్దమ్మను ఇచ్చారు. పెద్దమ్మ మా ఇంటికి ఎప్పుడొచ్చినా ఆ డ్యాము గురించి, వానాకాలంలో గేట్లు ఎత్తితే నీళ్ల తుంపర మనిషిని నిలువునా తడిపేయడం గురించి చెప్పేది. అమ్మ రోట్లో ఊరిబిండి నూరుతూ వినేది, పచ్చడి బండ ఆగిపోయేది. ఆ ఏడు ఎండాకాలం అమ్మ ఒక లెక్క వేసింది. విత్తనాల వేళ పెద్ద రైతుల ఇళ్లకు కాయలు ఒలిచే పని ఉంటుంది, దోసిళ్ల లెక్కన డబ్బులిస్తారు. ఆ డబ్బు కంతులో కలపకుండా విడిగా బొరుగుల డబ్బాలో వేద్దామని చెప్పింది. నాయన వేళ్ల మీద కంతు లెక్క వేసుకోవడం మొదలుపెట్టాడు. "ఒక్క తూరి పోయొస్తే చచ్చిపోతామా" అంది అమ్మ. "పోదాం" అన్నాడు నాయన. ఇక చూడండి, నేను, అమ్మ పొద్దున లేస్తే కాయల ముందే. పొట్టు వాసన, మట్టి వాసన ఇల్లంతా, కంచంలో సంగటికి కూడా అదే వాసన. నా బొటనవేలు చీలి రక్తం వచ్చింది. గుడ్డ చుట్టుకుని ఒలిచాను. ఆ డబ్బాలో సగం నాదేనని నాకు నేనే చెప్పుకునేదాన్ని. పార్వతి కూడా మా అరుగు మీదే కూర్చుని వాళ్ల అమ్మ కోసం ఒలిచేది. దాని వేళ్లు నావాటికి రెండింతలు వేగం. అమ్మ దాన్ని చూపించి నన్ను అదిలించేది. నాకు అప్పటి నుంచే ఒళ్లు మంట.

శ్రావణంలో కలుపు తీతలు అయ్యాక బయల్దేరాలనుకున్నాం. ఊరికి ఏమని చెప్పాలి? అప్పు పెట్టుకుని ఊళ్లు తిరుగుతున్నారని ఓబులేసన్న చెవిన పడితే కాడెద్దుల మీద చెయ్యి వేస్తాడు. అందుకని నాయన ఒక ఉపాయం చేశాడు. కాలువ కింద వరినాట్లు మొదలయ్యాయి, కూలికి పోతున్నాం అని చెప్పాడు. ఏటా కొందరు అట్లా పోయేవాళ్లే. మంచి బట్టలు గోనెపట్టాల లోపల చుట్టిపెట్టి, పైన పాత బట్టలు కట్టుకుని, సంగటి గిన్నె ఎత్తుకుని పోయి, పెద్దమ్మ ఇంట్లో మార్చుకోవాలని ఏర్పాటు. అంతా బాగానే ఉంది. కానీ కరువు ఊళ్లో పని దొరికిందన్న మాట ఎంత దూరం పోతుందో మేం ఆలోచించలేదు.

బయల్దేరే ముందురోజు గంగమ్మత్త మా గడపలోకి వచ్చింది. పార్వతి వాళ్లమ్మ. ఆమె భర్త నరసింహులు, మా నాయన ఒకే వారం, ఒకే బండితో బోర్లు వేయించారు. అప్పు తెచ్చింది కూడా ఒకే అరుగు నుంచి. అంతకు ముందు ఏడు నరసింహులు మామ పురుగుల మందు తాగి చనిపోయాడు.

"అన్నా, నాట్లకు పోతాండారంట. నన్ను, పార్వతిని కూడా పిలుచుకొని పోండి. ఈడ నెలైంది కూలి లేక" అంది.

నాయన అమ్మ ముఖం చూశాడు, అమ్మ నా ముఖం చూసింది. కాదనడానికి దారి లేదు. పని లేదంటే మేం ఎందుకు పోతున్నట్టు? నిజం చెబుదామా అంటే, భర్త పోయిన ఆడమనిషి ముందు డ్యాము చూడటానికి పోతున్నామని ఏ నోటితో చెప్పాలి?

"రా గంగా, పోదాం" అన్నాడు నాయన.

అనంతపురం బస్టాండులో నాయన బొరుగుల ఒగ్గాణి పొట్లాలు మూడు కొన్నాడు. మొదటిది పార్వతి చేతిలో పెట్టాడు. కణేకల్ బస్సు ఎక్కాక కిటికీ పక్కన దాన్నే కూర్చోబెట్టాడు. "అది ఎప్పుడూ ఇంత దూరం రాలేదు పాపా" అన్నాడు నాతో. నేను మాత్రం వచ్చానా? అది కిటికీలోంచి తల బయట పెట్టి, కనబడిన ప్రతి గాలిమర గురించి, ప్రతి గొర్రెల మంద గురించి మా నాయనను అడుగుతూనే ఉంది, ఆయన చెబుతూనే ఉన్నాడు. ఇంట్లో నేను రెండో ప్రశ్న వేస్తే నోరు మూసుకోమనే మనిషి. నాన్న లేని పిల్లను చూసి కడుపు మండటం పాపమని నాకు అప్పుడే తెలుసు. తెలిసినా మండింది. దారి పొడుగునా మా తమ్ముడు శీనును ఒళ్లో పెట్టుకుని వాడి తొడ గిల్లుతూ కూర్చున్నాను.

పెద్దమ్మ వాళ్ల ఊరు చూశాక ఆ మంట ఇంకా పెరిగింది, ఈసారి ఒక్క పార్వతి మీదే కాదు. కాలువ నిండా నీళ్లు, ఎవరూ వాటిని చూడను కూడా చూడటం లేదు. ఆడవాళ్లు గిన్నెలు కడిగి మూడేసి బిందెలు ఊరికే పారబోస్తున్నారు. గేదెలు పగలంతా నీళ్లలోనే ఉంటాయి. మా ఊళ్లో రెండు బిందెల కోసం అమ్మ ట్యాంకరు దగ్గర జుట్టు పట్టుకున్న రోజులున్నాయి. మూడు పూటలా వరన్నం, కుక్కకు కూడా వేసేటంత. పెద్దమ్మ కూతుళ్ల పాదాలకు పగుళ్లు లేవు. నేను నా కాళ్లు పావడా కింద దాచుకున్నాను.

పెద్దమ్మకు సంగతి చెవిలో చెప్పింది అమ్మ. పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, తన పక్క మడివాళ్లకు మనుషులు కావాలని కబురు తెచ్చింది. ఇక తప్పుతుందా? సెలవు గడపడానికి వచ్చిన మేం మర్నాడు పొద్దున్నే మోకాలి లోతు బురదలో ఉన్నాం. అమ్మ, గంగమ్మత్త నాట్లు వేశారు. నాయన నారు కట్టలు మోశాడు. పార్వతి, నేను కట్టలు విప్పి అందించాం. మా అమ్మకు వరినాటు రాదు, వంకరగా వేస్తుంటే గంగమ్మత్త వెనకే వచ్చి సరిచేసింది. రెండు రోజులు అదే పని. మధ్యాహ్నం తిన్నాక నాయన పిల్లలను కాలువకు తీసుకుపోయి, తువ్వాలు నడుముకు కట్టి ఒకరి తర్వాత ఒకరిని నీళ్లలో ముంచి తీసేవాడు. నేను లెక్క పెట్టాను. నన్ను నాలుగుసార్లు, పార్వతిని తొమ్మిదిసార్లు.

మూడో రోజు డ్యాముకు పోవాలి, నాలుగో రోజు ఊరికి తిరుగు ప్రయాణం. కానీ మడిలో ఇంకా ఒక రోజు పని మిగిలింది. మధ్యలో వదిలేస్తే గంగమ్మత్త కూలి కూడా నిలిచిపోతుంది. పొద్దున పొయ్యి దగ్గర అమ్మ తనే నాయనకు చెప్పింది. "నేను గంగతో మడికి పోతా. నువ్వు పిల్లోళ్లను పిలుచుకొని పో. నా టికెట్టు దుడ్లతో పార్వతి వస్తాది."

నాయన "నువ్వే కదా చూడల్లనింది" అన్నాడు.

"ఇంకో ఏడు చూస్తాలే. యాడికి పోతాది డ్యాము?"

అమ్మ కాయలు ఒలిచిన డబ్బు, అమ్మ ఆశ, అమ్మ టికెట్టు, అంతా దానికా? గోనెపట్టా లోంచి తీసిన మంచి పావడా వేసుకుని, జడ వేయించుకుని సిద్ధంగా ఉన్నదాన్ని, గడపలో చతికిలబడ్డాను. "అది వస్తే నేను రాను" అన్నాను. అమ్మ, గంగమ్మత్త అప్పటికే మడికి పోయారు. గట్టిగానే అన్నాను. పార్వతి పక్కనే ఉంది, చేతిలో దువ్వెన పట్టుకుని.

నాయన నా వైపు చూశాడు. కోపం లేదు ఆ ముఖంలో, అదే నన్ను మోసం చేసింది. "రావా?" అని అడిగాడు.

"రాను."

"సరే. ఉండు." చెప్పులు వేసుకున్నాడు.

బతిమాలతారనుకున్నాను. మా ఇళ్లలో అలక అంటే అదే కదా, రెండుసార్లు రానంటే మూడోసారి రెక్క పట్టుకుని తీసుకుపోతారు. వీధి మలుపు దాకా పోయి వెనక్కి వస్తారనుకున్నాను. బస్సు దాకా పోయి శీనును పంపిస్తారనుకున్నాను. డ్యాము దారిలో పోయే బళ్లారి బస్సు హారను వినబడింది, ఆగింది, మళ్లీ కదిలిన చప్పుడు కూడా వినబడింది. నేను గడపలోనే ఉన్నాను. మంచి పావడాలోనే. పెద్దమ్మ రెండుసార్లు అన్నానికి పిలిచి మానుకుంది.

పొద్దు వాలుతుండగా అమ్మ మోకాళ్ల దాకా బురదతో వచ్చింది. నన్ను చూసి బిందె దించకుండానే నిలబడిపోయింది. పెద్దమ్మ జరిగింది చెప్పింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. "నేను పోకుంటే పోయె, నువ్వు చూసొచ్చి చెప్తావనుకుంటి కదే" అంది. కాలువకు పోయి కాళ్లు కడుక్కుంది. చాలాసేపు రాలేదు.

వాళ్లు దీపాలు పెట్టే వేళకు వచ్చారు. శీను నాయన భుజం మీద నిద్రపోతున్నాడు. పోయేటప్పుడూ నిద్రే, వచ్చేటప్పుడూ నిద్రే, మధ్యలో ఒక ఐసు తిన్నట్టు మాత్రం వాడికి గుర్తు. పార్వతి జడలు ఇంకా తడిగా ఉన్నాయి. అది నా దగ్గరికి వచ్చి ఏదో చెప్పబోతే చెవులు మూసుకున్నాను. నాయన నాకేమీ తేలేదు. నా టికెట్టు డబ్బులు చెల్లుచీటీలాగా అమ్మ చేతిలో పెట్టాడు. ఆ ఏటి కంతులో అవి కూడా ఓబులేసన్న ఇంటికే పోయాయి. మేం వచ్చింది డ్యాము కోసమేనని గంగమ్మత్తకు అర్థమైంది, మంచి పావడా కళ్లకు కనబడుతూనే ఉంది కదా. తిరుగు బస్సులో అమ్మ పక్కన కూర్చుని, "చెప్పింటే నేను ఎవురికి చెప్తా వదినా? రాకుండా ఇంట్లోనే ఉందును" అంది. ఊళ్లో ఎవరికీ చెప్పలేదు కూడా. మూడు రోజుల కూలితో వాళ్లు ఒక సంచి నూకలు కొనుక్కుని దిగారు.

అప్పు తీరడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది. తీరాక అమ్మ డ్యాము మాట ఎత్తలేదు. నాయన రెండు మూడుసార్లు "పోదామా" అన్నాడు కానీ, ఎందుకో నన్ను చూడకుండా అనేవాడు. నేను కదిలితే కదా వాళ్లు కదిలేది. నాకు పంతం. మొదట పార్వతి మీద, తర్వాత ఎవరి మీదో నాకే తెలియదు. అమ్మ పోయింది, నాలుగేళ్ల కిందట నాయన పోయాడు. ఇద్దరిలో ఒకరు చూశారు, ఒకరు చూడలేదు. చూసినాయన ఆ రోజు గురించి నాకు ఒక్క మాట చెప్పలేదు, నేను అడగలేదు.

ఫొటో పంపిన మూడో రోజు పార్వతే ఫోను చేసింది. ఇప్పుడది బస్సు కండక్టరు. గొంతు పెద్దది.

"ఏమే సరోజా, వేలు చూపించి ఊరుకున్నావు. ఇంగా కోపమేనా?"

"కోపమెందుకే" అన్నాను. తర్వాత ఇంత వయసొచ్చాక అబద్ధమెందుకని, "కోపమే. నా నాయనను ఒక దినం ఎత్తుకొని పోయినావు నువ్వు" అన్నాను.

అది నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "నేనూ ఆ పొద్దు నిన్ను చూసి ఏడ్చుకుంటినే" అంది. "నువ్వు రానన్యావు చూడు, గడపలో కూకోని. అట్ల అలగల్లంటే నాయన ఉండల్ల. నేను ఎవురి మీద అలిగేది? పిలిస్తే పోవల్ల, వద్దంటే ఉండల్ల. బస్సులో అంతా అదే తలుచుకుంటి."

అసూయ తగ్గిందా అంటే తగ్గలేదు, సిగ్గు ఒకటి దానికి తోడైంది, అంతే. అప్పుడు అడిగాను. అన్నేళ్లలో మొదటిసారి. "ఆడ మా నాయన ఏం చేసినాడే?"

"తెలీదా నీకి?" అని ఆశ్చర్యపోయింది. "గేట్లు ఎత్తిండారు ఆ పొద్దు. తుంపర రోడ్డు దాకా కొడతాండాది. జనాలంతా దూరంగా జరిగితే మామ పోయి దాని కింద నిలబడినాడు. కదల్లేదు. మీసాల మీద, తల మీద నీళ్లు. బోరు బండి కాడ నిలబడేవాడు చూడు, అట్లనే. నేను, శీనుగాడు ఆయన పంచ పట్టుకొని నిలబడినాం. తర్వాత మా తట్టు తిరిగి, 'మూడు బోర్లూ ఈడ వేసిండాల్సింది కదనే పార్వతీ' అని నవ్వినాడు."

"నవ్వినాడా?"

"నవ్వినాడు. జనాలు తిరిగి చూసినారు. అంత గట్టిగా."

నేను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను. వంటింట్లో కుళాయి కారుతోంది. దాన్ని కట్టేశాను, సరిగా వినబడాలని.

"ఎట్ల నవ్వినాడే?" అన్నాను.

అవతల ఏదో బస్సు పోతోంది, అది పోయేదాకా పార్వతి ఆగింది. తర్వాత మా నాయనలాగా నవ్వింది. గొంతు లోపలి నుంచి మొదలై, మధ్యలో ఒకసారి ఊపిరి ఆగి, మళ్లీ పైకి లేచే నవ్వు. అది మా నాయన నవ్వేనో కాదో పోల్చి చూసుకోవడానికి నా దగ్గర ఇంకొకటి లేదు.

"ఇంకొక తూరి నవ్వవే" అన్నాను.